నిమిషానికి తక్కువ

ఏప్రాను విప్పబోతే ఆయా పెద్దక్కకు వెనక ముడి బిగుసుకుంది. సూపరింటెండెంటు గది గుమ్మంలోనే నిలబడి, రెండు చేతులూ నడుం వెనక్కి పోనిచ్చి ఆ ముడితో కుస్తీ పడుతోంది. లోపల సూపరింటెండెంటు బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు. సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దుతున్నాడు. ముడి ఊడేదాకా ఇద్దరికీ వేరే పని లేదు. చివరికి ఊడింది. ఆమె ఏప్రానును నాలుగు మడతలు పెట్టి, మెళ్ళోని కార్డు తీసి దానిమీద ఉంచి, "వెళ్ళొస్తానండీ" అంది. పొమ్మన్న చోట కూడా వెళ్ళొస్తాననే అంటాం. నోటి అలవాటు, ఏం చేస్తాం.

పాయింటమ్మ ఇదంతా వరండాలోంచి చూసింది. ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామరు. మీటింగులో ఎవరేం మాట్లాడినా "ఒక పాయింటు" అంటూ చెయ్యెత్తుతుంది గనక ఆఫీసులో ఆ పేరు ఖాయమైపోయింది. మంచం పట్టిన పెద్దవాళ్ళను చూసుకునే ఈ హోమ్‌లో ప్రతి మంచం పక్కనా గోడకి ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. ఆయా పని మొదలుపెట్టేముందు మెళ్ళో కార్డును దానికి తాకిస్తుంది, పనయ్యాక మళ్ళీ తాకిస్తుంది. మధ్యలో ఎంతసేపు గడిచిందో పెట్టె కంపెనీ కంప్యూటరుకు పంపుతుంది. ఆ పెట్టెల్లోకి కొత్త ప్రోగ్రాం ఎక్కించడానికి పాయింటమ్మ ఆ సోమవారం అక్కడికొచ్చింది.

"పెద్దక్క మానేస్తోందా?" అని పక్కనున్న నర్సును అడిగింది.

"మానెయ్యడమా! తీసేశారు." నర్సు గొంతు తగ్గించింది. "పోయిన వారం కిటికీ మంచం మామ్మగారు పోయారు కదా. తుంటి మీద పుండు పడి, చీము పట్టి, అది రక్తంలోకి ఎక్కింది. మంచం మీదున్న మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పకపోతే అంతే మరి."

"తిప్పలేదా?"

"పెద్దక్క డ్యూటీలో తిప్పినట్టు లేదట. రోజుకి ఒకటో రెండో, అంతే. మామ్మగారి కూతురు గొడవ పెడితే రిపోర్టు తీసి చూశారు. మీ కంప్యూటరే చెప్పిందమ్మా."

ఆ 'మీ' అన్న చోట పాయింటమ్మకు చురుక్కుమంది.

"మీకేమనిపిస్తోంది సిస్టర్? తిప్పకుండా ఊరుకునే మనిషేనా ఆవిడ?"

నర్సు ట్రేలోని సీసాలను అటూ ఇటూ జరిపింది. "ఇక్కడ సగం మంది ఆయాలకి పని నేర్పిందే ఆవిడ. కానీ నేను చూళ్ళేదమ్మా, నా డ్యూటీ వేరు. చూడనిది చూశానని ఎలా చెప్పను?" అని ట్రే ఎత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "శుక్రవారం విచారణకి ఆయాలని నమోదు చేసుకునే బోర్డు వాళ్ళొస్తున్నారు. తప్పని తేలితే పేరు నల్ల జాబితాలో ఎక్కిస్తారు. ఇక ఏ ఊళ్ళోనూ ఏ ఆస్పత్రీ గుమ్మం ఎక్కనివ్వదు. వేరే పని కూడా రాదు పాపం."

పెద్దక్క అప్పటికి గేటు దాకా వెళ్ళింది. బయటికి పోయేముందు అక్కడి పెట్టెకు కూడా కార్డు తాకించాలి. అలవాటుగా చెయ్యి మెడ మీదికి పోయింది. తడుముకుంది. వాచ్‌మన్ తనే గేటు తీశాడు.

పాయింటమ్మ మిగతా పెట్టెల్లోకి కూడా ప్రోగ్రాం ఎక్కించి సాయంత్రానికి ఇంటికెళ్ళింది. తనకేం సంబంధం అని దారి పొడుగునా అనుకుంది. సంబంధం లేని విషయం గురించి అన్నిసార్లు అనుకోనక్కర్లేదని ఆమెకూ తెలుసు.

మంగళవారం ఆఫీసులో మొదట తెరిచింది ఆ రిపోర్టే. కిటికీ మంచం, చివరి నెల. ముగ్గురు ఆయాలు, మూడు షిఫ్టులు. తక్కిన ఇద్దరి వరసలూ నిండుగా ఉన్నాయి: రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, మళ్ళీ మూడు, ఒక్కోసారి నాలుగు. పెద్దక్క వరసలో అక్కడొకటి, ఇక్కడొకటి, మధ్య అంతా బోసి. ఉన్నవి కూడా పెద్దవే: ఆరు నిమిషాలు, ఏడు. దుప్పటి మార్చిన వేళలన్నమాట. చూసినవాళ్ళెవరైనా ఏమనుకుంటారు? దుప్పటి తడిస్తే తప్ప మంచం దగ్గరికి రాని మనిషి అనుకుంటారు.

పాయింటమ్మ రిపోర్టులో మంచం మార్చింది, ఆయాలను మార్చింది, నెలను మార్చింది. ఎక్కడా ఏ వరసలోనూ నిమిషానికి తక్కువ పని అన్నది లేదు. లోకంలో నిమిషంలోపు అయ్యే పనే లేదా? గుక్కెడు నీళ్ళు తాగించడానికి ఎంతసేపు కావాలి? దిండు సర్దడానికి? కింద పడ్డ దుప్పటి పైకి లాగడానికి?

ప్రోగ్రాం తెరిచింది. పెట్టె పంపేది ఒక చిన్న వరస: గంటలు, పైనా కిందా రెండు చుక్కల కోలన్, నిమిషాలు, ఇంకో కోలన్, సెకన్లు. దాన్ని చదివి అంకెగా మార్చే ముక్క అందులో ఉంది. ఆ ముక్క గంటలు చదువుతుంది, నిమిషాలు చదువుతుంది, రెండో కోలన్ దగ్గర ఆగిపోతుంది. ఆ తరవాత ఏముందో దానికి అక్కర్లేదు. పైన, ఆఖరుసారి మార్చినవారు అని ఉన్న చోట, తన పేరే ఉంది.

ఆ శనివారం ఆమెకు బాగానే గుర్తుంది. ఎవరో ఆయా కార్డు తాకించి పని మొదలుపెట్టి, ముగించకుండానే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. ఆ మంచం ఖాళీ అయి గదికి తాళం పడింది. పెట్టె మాత్రం నమ్మకంగా లెక్కపెడుతూనే ఉంది. అప్పట్లో లెక్కంతా సెకనులో వెయ్యో వంతుల్లో జరిగేది. మూడున్నర వారాలు దాటాక ఆ అంకె కంప్యూటరులో దానికిచ్చిన గదిలో పట్టలేదు. పట్టని అంకె మర్యాదగా ఆగిపోదు. పాత స్కూటరు మీటరు తొమ్మిదులన్నీ అయ్యాక సున్నాలకు తిరిగినట్టు తిరుగుతుంది. ఇది ఇంకో మెట్టు దిగి మైనస్‌లోకి తిరిగింది. ఆ నెల రిపోర్టులో ఆయా మైనస్ ఐదువందల తొంభై గంటలు పనిచేసినట్టు వచ్చింది. సూపరింటెండెంటు ఫోనులో అరిచాడు, మేనేజరు ఆఫీసులో అరిచాడు. కింద రోడ్డు మీద ఆమె భర్త సినిమాకి వేళైపోతోందని హారన్ కొట్టాడు. పెద్ద గది ఇచ్చి ఉంటే సరిపోయేది. దానికి నాలుగు చోట్ల మార్చాలి. ఆమె అంకెనే చిన్నది చేసింది. నిమిషాల్లో లెక్కపెడితే ఆ గది నాలుగువేల ఏళ్ళ దాకా నిండదు. పని పది నిమిషాల్లో అయిపోయింది, సినిమా మొదటి పాటకి కుర్చీలో ఉంది.

అర నిమిషం దాటిన దాన్ని పై నిమిషానికి వెయ్యాలన్న చిన్నపాటి న్యాయం కూడా ఆవేళ తట్టలేదు. ఉత్తినే కోసేసింది.

చేత్తో ఒక వరస టైపు చేసి చూసింది. సున్నా గంటలు, సున్నా నిమిషాలు, నలభై ఎనిమిది సెకన్లు. ప్రోగ్రాం చదివి సున్నా అంది. ఇంకో అడుగు ముందుకెళ్తే ఆ సున్నా కూడా లేదు. సున్నా వస్తే కార్డు పొరపాటున తగిలిందని లెక్క, దాన్ని తుడిచెయ్యి అని అక్కడ ఇంకో నియమం ఉంది. అది పక్క కుర్చీలో కూర్చునే సీనియరు రాసింది.

సీనియరు తెర వంక చూసి, గడ్డం గోక్కుని, విషయం ఒక్క క్షణంలో అర్థం చేసుకున్నాడు. తెలివికి లోటు లేదు.

"విడివిడిగా చూడు. నువ్వు రాసింది తప్పు కాదు, నేను రాసిందీ తప్పు కాదు," అన్నాడు.

"కలిపి చూస్తేనో?"

"తిలాపాపం తలా పిడికెడు అని ఊరికే అన్నారా? పిడికెడేగా, మొయ్యగలం." అని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

ఆమె మధ్యాహ్నమంతా అసలు వరసల కోసం వెతికింది. రెండో కోలన్ తరవాతి ముక్క ఎక్కడైనా మిగిలి ఉంటే చాలు. పెట్టె పంపిన వెంటనే తుడిచేసుకుంటుంది. కంపెనీ కంప్యూటరు చదివిన వెంటనే పారేస్తుంది, దాచుకుంటే చోటు దండగ అని. ఎక్కడా లేదు. అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

మేనేజరు బుధవారం పదకొండింటికి దొరికాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరికైనా జ్వరమొస్తే ఇంటికెళ్ళమంటాడు, పెళ్ళిరోజు గుర్తుపెట్టుకుని చాక్లెట్లిస్తాడు. అందుకే ఆయనతో పేచీ పెట్టుకోవడం కష్టం.

"సార్, ఒక పాయింటు," అంది గుమ్మంలోంచే.

"రా అమ్మా, నీ పాయింటు లేకపోతే నాకు పొద్దు గడవదు," అని నవ్వాడు. అంతా విన్నాక ఆ నవ్వు ఎక్కడికో పోయింది. పెన్ను మూత తీశాడు, పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"మంచి పని చేశావు. ఇవాళే సరిచేసెయ్యి. ఇకనుంచి సెకన్లు కూడా లెక్కలోకొస్తాయి."

"ఇదివరకటి సంగతి సార్?"

"ఇదివరకటిది ఎక్కడుంది? లేదని నువ్వే కదా చెప్తున్నావు."

"అదే బోర్డుకి చెప్దాం సార్. మా లెక్క తప్పు, ఆవిడ తిప్పే ఉంటుందని..."

"తిప్పే ఉంటుంది." మేనేజరు ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూసినట్టు నెమ్మదిగా అన్నాడు. "తిప్పింది అనడానికి నీ దగ్గర ఏముంది? తిప్పితే సున్నా, తిప్పకపోయినా సున్నా. ఆ సున్నాలోంచి మనిషిని ఎలా బయటికి తీస్తావు?"

ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"ఇంకోటి చెప్పు. పెద్దప్రాణాన్ని పక్క తిప్పడమంటే పుస్తకం పేజీ తిప్పడమా? దిండ్లు తియ్యాలి, కాళ్ళు సర్దాలి, మళ్ళీ దిండ్లు పెట్టాలి. నిమిషంలో అవుతుందా? మిగతా ఇద్దరికీ మూడు నిమిషాలు పడుతుంటే ఈవిడకి మాత్రం మంత్రమా?"

అది ఆమెకూ తెలియదు. నిన్నటి నుంచీ గుండెలో గుచ్చుకుంటున్న ముల్లు అదే. మనిషి ఒంటరిగా ఇంకో మనిషిని ఎంతసేపట్లో తిప్పగలదో తెలియకుండానే ఆ పనికి లెక్కకట్టే యంత్రం తయారుచేసి ఊరంతా బిగించి వచ్చారు. ఆఫీసులో ఎవరూ ఎవరినీ తిప్పి చూడలేదు.

"ఆ మామ్మగారి కూతురు నిన్న నాకు ఫోన్ చేసింది," అన్నాడు మేనేజరు, గొంతు మెత్తబడింది. "ఏడుస్తోంది. కోపం పెట్టుకోడానికి ఆవిడకి ఒక మనిషి దొరికింది. ఇప్పుడు నువ్వెళ్ళి ఆ మనిషిని పక్కకి లాగేస్తావు, సరే. బదులు ఏమిస్తావు? కోలన్ ఇస్తావా?"

ఆమె బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి సూపరింటెండెంటుకు ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "మీ కంపెనీ లెటర్‌హెడ్ మీద, మీ మేనేజరు సంతకంతో పంపించండమ్మా, బోర్డు ముందు పెడతాను," అన్నాడు. గోడకు కొట్టిన బంతి మళ్ళీ చేతిలోకే వచ్చింది.

ఇంటి దగ్గర అత్తగారు ఆరిన బట్టలు మంచం మీద గుట్టగా పోసుకుని మడతలు పెడుతోంది. కోడలు వచ్చి ఎదురుగా కూర్చుని ఒకే తువ్వాలును మూడుసార్లు మడిచి విప్పితే, ఆవిడ చేతిలోంచి లాక్కుంది.

"మనిషివి ఇక్కడున్నావు, మనసెక్కడ పారేసుకొచ్చావు?"

"అత్తయ్యా, మావయ్యగారు మంచంలో ఉన్నప్పుడు మీరే కదా పక్క తిప్పేవారు. ఎంతసేపు పట్టేది?"

"ఇప్పుడెందుకే ఆ గోల?" అన్నా అత్తగారు ఆలోచించింది. "ఐదు నిమిషాలకి తక్కువ పట్టేది కాదు. నా నడుం విరిగేది, ఆయన నన్ను తిట్టేవారు, నేను ఏడ్చేదాన్ని. తిట్లూ ఏడుపులూ తీసేస్తే మూడు నిమిషాలేమో."

పాయింటమ్మ మొహం ఇంకా వాడిపోయింది. అది చూసి అత్తగారు బట్టలు పక్కకి నెట్టింది. "చెప్పు," అంది. చెప్పింది. సినిమా హారన్ సంగతి కూడా దాచకుండా చెప్పింది. అత్తగారు మామూలుగా ఏ విషయానికైనా ఒక సామెత విసిరి తేల్చేసే మనిషి. ఈసారి సామెత వెయ్యలేదు.

"ఆ పిల్ల ఎక్కడుంటుంది?"

"పిల్ల కాదత్తయ్యా, నా కన్నా పదేళ్ళు పెద్ద."

"ఎవరైతేనేం. వెళ్ళి చెప్పు. చెప్పకపోతే నీకు తిన్నది ఒంటపట్టదు, నీ మొహం చూస్తూ నాకూ పట్టదు."

గురువారం ఆఫీసుకు సెలవు పెట్టి, నర్సునడిగి చిరునామా తీసుకుని వెళ్ళింది. మార్కెట్టు వెనక సందు, ఇనప సామాన్ల కొట్టు మీద రెండంతస్తులు. మెట్ల మీద ఎవరో బకెట్టు ఒలకబోశారు. తలుపు పెద్దక్క చెల్లెలు తీసింది. మెళ్ళో కొలతల టేపు వేళ్ళాడుతోంది, వెనక గదిలో కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. పాయింటమ్మ తనెవరో చెప్పగానే ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఆ పెట్టెల కంపెనీయేనా మీది? ఇంకా ఏం మిగిలిందని వచ్చారు? కార్డు తాకించి, మూడు నిమిషాలు ఫోను చూసుకుని, మళ్ళీ తాకించినవాళ్ళంతా బాగానే ఉన్నారు. మా అక్కకే వచ్చింది మాయరోగం."

"రానివ్వవే," అని లోపలినుంచి వినిపించింది.

పెద్దక్క కిటికీ కింద నేల మీద కూర్చుని ఉంది. సోమవారం చూసిన మనిషేనా అనిపించింది. బుగ్గలు లోపలికి పోయాయి. ఏ పనీ లేని చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది, ఎవరివో అక్కడ పెట్టి వెళ్ళినట్టు. పాయింటమ్మ ఎదురుగా నేల మీదే కూర్చుంది. వచ్చే దారిలో కూడబలుక్కున్నదంతా వరస తప్పిపోయింది. పెట్టె గురించి, కోలన్ గురించి, పట్టని అంకె గురించి ఒకదాని మీద ఒకటి చెప్పుకుపోయింది.

"నిమిషంలోపు మీరు తిప్పిన ప్రతిసారీ మా ప్రోగ్రాం పారేసిందక్కా. తొందరగా చేసిన పని ఏదీ లెక్కలోకి రాలేదు. ఆ ప్రోగ్రాం మార్చింది నేనే. తప్పు నాది."

కుట్టుమిషను చప్పుడు ఆగింది. చెల్లెలు గుమ్మంలోకొచ్చి నిలబడింది. పెద్దక్క మాత్రం కోప్పడలేదు. చెయ్యి చాచి పాయింటమ్మ మోకాలి మీద తట్టింది.

"ఊరుకోమ్మా. కావాలని చేశావా ఏంటి? పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నాకూ జరిగింది."

"మీకు జరగలేదక్కా! అదే కదా నేను చెప్తోంది. రేపు విచారణలో నేనూ వస్తాను, కంపెనీ రానిచ్చినా రానివ్వకపోయినా..."

"రేపు లేదు," అంది చెల్లెలు. "నిన్ననే అయిపోయింది. తప్పు ఒప్పుకుని సంతకం పెట్టొచ్చింది."

పాయింటమ్మ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"ఎవరూ బలవంతం పెట్టలేదు," అంది పెద్దక్క. "నేనే హోమ్‌కి వెళ్ళాను. లోపల ఆ మామ్మగారి కూతురు కూర్చుని ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు తెలుసా? తిడితే బాగుండేది. మా అమ్మని ఆ రోజుల్లో పొద్దున్న పూట తిప్పావా అక్కా, నాకు అది చెప్తే చాలు అంది. తిప్పానని చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. ఏ రోజుకారోజు గుర్తు తెచ్చుకుందామంటే ఏదీ విడిగా రాలేదు. ఏళ్ళ తరబడి ఎంతమందినో తిప్పాను కదా, అన్నీ కలిసి ఒక్కటే ముద్దైపోయాయి. ఆవిడ మొహం, అంతకు ముందావిడ మొహం, అన్నీ ఒకటే. కాగితం మీద చూస్తే బోసిగా ఉంది. అంత పెద్ద యంత్రం నామీద పగబట్టి రాస్తుందా? నేనే ఏమరుపాటుగా ఉండుంటాను. తిప్పానని అనుకుని ఉంటాను."

"అనుకోవడమేంటే!" అని చెల్లెలు అరిచింది. "నాలుగు రోజుల్నించీ ఇదే వరస. దీనికి మతి పోయింది. సంతకం పెడితే కేసు ఉండదన్నారట, పెట్టేసింది. జాబితాలో పేరు ఎక్కిపోయింది."

పాయింటమ్మ లేచి నిలబడింది. గది గోడవారగా ఒక మంచం ఉంది. చెప్పులు విప్పి, సంచి పక్కన పడేసి, దానిమీద వెల్లకిలా పడుకుంది. అక్కాచెల్లెళ్ళు తెల్లబోయి చూశారు.

"నన్ను తిప్పండక్కా."

"ఏంటమ్మా ఇది?"

"నేను కదల్లేను అనుకోండి. ఆ మామ్మగారినే అనుకోండి. తిప్పండి." ఫోనులో సమయం లెక్కపెట్టే గడియారం తెరిచి గుండెల మీద పెట్టుకుని మీట నొక్కింది.

పెద్దక్క ఒక క్షణం తటపటాయించింది. తరవాత మంచం దగ్గరికొచ్చింది. వస్తూనే ఆ మనిషి మారిపోయింది. వంగిన నడుం సర్దుకుంది, కాళ్ళు ఎడం చేసి నిలబడింది. "తిప్పుతున్నానమ్మా, భయం లేదు," అంది, ఎవరితోనో అలవాటుగా అనే గొంతుతో. పాయింటమ్మ చెయ్యి ఒకటి తీసి గుండెల మీద అడ్డంగా పెట్టింది, మోకాలు మడిచి నిలబెట్టింది. ఒక అరచెయ్యి భుజం వెనక్కి, ఇంకోటి తుంటి వెనక్కి పోయాయి. ఎత్తడం లేదు, లాగడం లేదు, పాయింటమ్మకు తన బరువే తెలియలేదు. ఎప్పుడు దొర్లిందో తెలియకుండా గోడకేసి తిరిగి ఉంది. వీపు వెనక దిండు వచ్చి చేరింది, మోకాళ్ళ మధ్య మడతపెట్టిన దుప్పటి వచ్చి చేరింది. కింద నలిగిన చెవిని ఒక వేలు మెల్లిగా బయటికి తీసి సరిగ్గా పెట్టింది. నడుం కింద పక్కబట్ట ముడత ఒకటి సాఫీ అయింది.

"అయిందమ్మా."

పాయింటమ్మ ఫోను ఆపి చూసింది. నలభై ఒక్క సెకన్లు.

"సున్నా!" అని కేకపెట్టింది. గోడకేసి తిరిగే, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అరిచింది. "చూశారా అక్కా, మీకు సున్నాయే వస్తుంది! మీరు ఎన్నిసార్లు తిప్పినా సున్నాయే! అందుకే బోసిగా ఉంది. సంతకం వెనక్కి తీసుకోవచ్చు, నేను వస్తాను, బోర్డు వాళ్ళ ముందు ఇలాగే పడుకుంటాను, వాళ్ళ ఎదురుగానే తిప్పండి..."

"విన్నావా అక్కా!" అంది చెల్లెలు. ఆమె గొంతులో మొదటిసారి కాస్త ప్రాణం వచ్చింది.

పెద్దక్క చెయ్యి ఇంకా పాయింటమ్మ భుజం మీదే ఉంది, పేషెంటు వెనక్కి దొర్లకుండా ఆసరా పట్టినట్టు. కింద కొట్లో ఇనప రేకుల్ని ఎవరో లారీ మీదికి విసురుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది.

"ఇప్పుడు తిప్పానమ్మా. నువ్వు అడిగావు, తిప్పాను," అంది. "ఆవేళ తిప్పానో లేదో నీకు తెలుసా?"

పాయింటమ్మ కళ్ళకి జానెడు దూరంలో పెచ్చులూడిన గోడ ఉంది. తిప్పారక్కా అని చెప్పాలి. ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తూ ఒక మనిషి వీపు వెనక నిలబడి ఉంది. ఆ మాట అనే హక్కు ఉన్న వరసలన్నిటినీ తను తుడిపేసి, సినిమాకి వెళ్ళింది.

"తెలీదు కదా," అంది పెద్దక్క. "నాకూ తెలీదు."

చెల్లెలు గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. కుట్టుమిషను మళ్ళీ మొదలైంది, ఆగింది, మొదలైంది. పాయింటమ్మ లేవలేదు. లేచి ఆ మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు. గోడకేసి చూస్తూ అలాగే ఉండిపోయింది. కింద నలిగిన చెయ్యి తిమ్మిరెక్కుతోంది, కన్నీళ్ళు ముక్కు మీదుగా దిండులోకి ఇంకుతున్నాయి. పెద్దక్క కిటికీ దగ్గరికి పోయి కూర్చుంది. సందులో వెలుగు తగ్గింది. ఎంతసేపైందో ఎవరూ చూడలేదు.

తరవాత వెనక అడుగుల చప్పుడైంది.

"ఒక్క పక్కనే అంతసేపు ఉండకూడదు తల్లీ," అంది పెద్దక్క. వీపు వెనక దిండు తీసి, భుజం కింద ఒక చెయ్యీ తుంటి కింద ఒక చెయ్యీ పోనిచ్చి, ఆమెను మెల్లిగా ఇటు తిప్పింది. ఫోనులో గడియారం అప్పటికే ఆపేసి ఉంది.